గడప దాటిన చెత్త

మొన్న నొక ఉదయమున మా మేడ క్రిందికి చెత్తబండి వచ్చినది. మా డబ్బాను క్రుమ్మరించుకొనుచున్న స్త్రీ చేతిని చటుక్కున వెనుకకు తీసికొనెను. అరచేత నెత్తురు! ముందునాడు మా యింట పగిలిన గాజుగ్లాసు పెంకు కూరగాయల తొక్కల నడుమ దాగియుండెను. మేము సిగ్గుపడి గుడ్డపేలిక కట్టబోగా, "ఏం గాదమ్మా, రోజూ ఉండేదే" అని యామె నవ్వెను. ఆ మాట మా మనస్సున ములుకువలె నాటుకొన్నది.

సోదరీమణులారా! వంటయింట మనము మడి పాటింతుము. ఎంగిలి, అంటు అని పలుమారులు చేతులు కడుగుకొందుము. ఆ శౌచము గడపతోనే యేల ఆగిపోవలెను? ఎంగిలి మెతుకులు, పాలసంచులు, పిల్లల డైపర్లు, పాత మందుబిళ్ళలు ఒక్క సంచిలో మూటగట్టి మరియొక స్త్రీ చేతి కందించుట శుభ్రత యగునా?

మణికొండ యొకప్పుడు పొలములును బండరాళ్ళును గల పల్లె. పల్లెలలో ఇంటి చెత్త పెంటకుప్పకు పోయి, ఎరువై చేనికి చేరెడిది. 2018లో పురపాలక సంఘమై, 2025 డిసెంబరులో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిన ఈ యూరిలో మేడలకు కొదువ లేదు. పెంటకుప్పకు చోటు లేదు. చెత్త మన కంటికి కనబడనంత మాత్రమున మాయమైపోదు. హైదరాబాదు చెత్త ఏండ్లతరబడి గుట్టలుగా పడిన జవహర్‌నగరు చెంత, ఆ కుళ్ళునుండి యూరిన నీరు చేరి మల్కారం చెరువు చెడిపోయినది.

2016 నాటి కేంద్రప్రభుత్వ నియమములు తడిచెత్త, పొడిచెత్త, హానికర వస్తువులు అని మూడు విధములు చేసినవి. 2026 ఏప్రిలు 1వ తేదినుండి అమలునకు నిర్ణయింపబడిన క్రొత్త నియమములు నాలుగు విధములుగ వేరుచేయుమనుచున్నవి. తొక్కలు, మెతుకులు, పూజచేసిన పూలు తడిచెత్త. కాగితము, ప్లాస్టిక్కు, గాజు, లోహము పొడిచెత్త. పాలసంచిని కడిగి ఆరవేసి ఇందులో చేర్చవలెను. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితమున చుట్టి వేరుగ ఉంచవలెను. బల్బులు, బ్యాటరీలు, కాలము తీరిన మందులు, రంగుడబ్బాలు నాలుగవ విధము.

దినమునకు 100 కిలోల చెత్త గాని, 40,000 లీటర్ల నీటి వాడుక గాని, 20,000 చదరపు మీటర్ల నేలవైశాల్యము గాని గల గృహసముదాయములు, కార్యాలయములు, హోటళ్ళు పెద్ద చెత్తదారులుగ నెంచబడును. వీరు తడిచెత్తను వీలైనంతవరకు తమ యావరణముననే ఎరువు చేయవలెను. మన మేడల సంఘసమావేశములందు "మన ఎరువుగుంట యేది?" అని మనమే అడుగవలెను.

పెద్ద గుంట లేనిచో నొక మట్టికుండ చాలును. అడుగున రంధ్రములు చేసి, ఎండుటాకులు పరచి, తొక్కలు వేసి, మరల ఎండుటాకులు కప్పవలెను. కొంచెము పుల్లమజ్జిగ చల్లి, అప్పుడప్పుడు కలియబెట్టుచుండవలెను. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని యెఱిగి ఎండుటాకులు హెచ్చింపవలెను. రెండుమూడు నెలలకు నల్లని ఎరువు తులసికోటకు సిద్ధమగును.

ఇది స్త్రీలు మాత్రమే మోయవలసిన భారము కాదు. ఇంటి పురుషులకును, పిల్లలకును ఏ వస్తు వే డబ్బాలో వేయవలెనో చూపి, వారిచేతనే వేయింపవలెను.

ఇప్పుడు మేము పగిలిన గాజును మందపు కాగితమున చుట్టి, పైన "గాజు" అని వ్రాసి, వేరుగ ఇచ్చుచున్నాము. మొదటినాడే యామె ఆ పొట్లమును తిప్పి చూచి, "ఏం రాసిన్రమ్మా?" అని యడిగెను. నాటినుండి వ్రాత మాని ఎఱ్ఱదారము కట్టుచున్నాము. ఆ దారమును చూడగానే యామె చేయి జాగ్రత్తపడుచున్నది.