ఊఫర్ కాయిల్ ఎందుకు కాలుతుంది?

గెలలు నరికే రోజుల్లో దమ్మపేట నుంచి అప్పారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ వైపు వెళ్లే రోడ్డు మీద ట్రాక్టర్ కనిపించేలోపే దాని పాట వినిపిస్తుంది. కార్లు, ఆటోలు, బొలెరోలదీ అదే తీరు. పాట మీద ప్రేమతో వేలకు వేలు పోసి ఆంప్లిఫయర్, బేస్ ట్యూబ్ బిగించుకుంటారు. కొన్నాళ్లకు కాయిల్ కాలిన వాసన వస్తుంది. ‘ఊఫర్ తట్టుకోలేదు, ఇంకా పెద్దది వెయ్యాలి’ అనుకుంటారు. చాలాసార్లు తప్పు ఊఫర్‌ది కాదు. ఆంప్ మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నాబ్ ఒకటి ఉంటుంది, దాని పేరు గెయిన్. దాన్ని చివరిదాకా తిప్పి వదిలెయ్యడమే అసలు కారణం.

గెయిన్‌ను రెండో వాల్యూమ్ అనుకోవడం దగ్గరే చిక్కంతా మొదలవుతుంది. స్టీరియో నుంచి ఎన్ని వోల్టుల సిగ్నల్ వస్తే ఆంప్ తన పూర్తి శక్తి ఇవ్వాలో గెయిన్ నిర్ణయిస్తుంది. స్టీరియో నుంచి ఆంప్‌కు వెళ్లే ఈ సిగ్నల్‌ను ప్రీ-అవుట్ అంటారు. మామూలు స్టీరియోల ప్రీ-అవుట్ 2 వోల్టులు, మంచి వాటిది 4 వోల్టులు. ఆంప్ నాబ్ చుట్టూ సాధారణంగా 6 నుంచి 0.2 వోల్టుల దాకా గుర్తులుంటాయి. 2 వోల్టులు వచ్చే చోట నాబ్‌ను 0.2 దగ్గర పెడితే, పదో వంతు సిగ్నల్‌కే ఆంప్ శక్తి అంతా అయిపోతుంది. వాల్యూమ్ ఇంకా పెంచితే ఆంప్ దగ్గర ఇవ్వడానికి ఏమీ మిగలదు. అప్పుడు నున్నగా లేచి దిగాల్సిన అల, తల తెగి, మట్టం చేసిన పొలం గట్టులా బల్లపరుపు అవుతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

నష్టం ఎంతో లెక్క చెబుతుంది. అంతే ఎత్తున్న నున్నటి అల కన్నా పూర్తిగా చదునైన అల రెట్టింపు శక్తి మోస్తుంది. అంటే 100 వాట్ల ఆంప్ బాగా క్లిప్ అయితే కాయిల్‌లోకి 200 వాట్ల దాకా పోవచ్చు. స్పీకర్‌కు అందిన కరెంటులో శబ్దంగా మారేది ఒకటి రెండు శాతమే, మిగిలినదంతా వేడి. కాయిల్‌లోని సన్నటి రాగి తీగ ఆ వేడికే మాడిపోతుంది. ఇంతా చేస్తే చెవికి దక్కే లాభం ఎంత? శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. ఆ తేడా కొద్దిగా తెలుస్తుంది, అంతే. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే దాదాపు పదింతల శక్తి కావాలి.

గెయిన్ సరిగ్గా పెట్టడానికి ఇంట్లో కరెంటు చూసుకునే మల్టీమీటర్ చాలు. ముందు బేస్ బూస్ట్, లౌడ్‌నెస్, ఈక్వలైజర్ అన్నీ సున్నా చెయ్యాలి. స్పీకర్ వైర్లు ఊడదియ్యాలి. ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచాలి, ఎందుకంటే ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టులిస్తే, ఆల్టర్నేటర్ తిరుగుతుంటే 14 దాకా వస్తుంది. గెయిన్‌ను పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్‌ను ముప్పాతిక దగ్గర పెట్టాలి. అంతకు మించితే కొన్ని స్టీరియోలు తామే క్లిప్ అవుతాయి. ఇప్పుడు 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, మీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి, ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలుస్తూ గెయిన్ మెల్లగా పెంచాలి. ఎక్కడ ఆపాలి? ఆంప్ వాట్లను స్పీకర్ ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చే వోల్టుల దగ్గర. 100 వాట్లు, 4 ఓమ్‌లైతే 20 వోల్టులు. 300 వాట్లు, 4 ఓమ్‌లైతే సుమారు 34.6. ఊఫర్ సామర్థ్యం ఆంప్ కన్నా తక్కువైతే లెక్కలో ఊఫర్ వాట్లే వెయ్యాలి.

డోర్ స్పీకర్లకు 1000 హెర్ట్జ్ టోన్ వాడుతుంటారు. కానీ చవక మీటర్లు కరెంటు లైన్ 50 హెర్ట్జ్‌ను కొలవడానికి చేసినవి, అంత పైన తప్పు చూపించవచ్చు. ఆసిలోస్కోప్ ఉంటే మరీ మంచిది, అల తల ఎక్కడ తెగుతోందో కంటికే కనబడుతుంది.

గెయిన్ ఎక్కడ ఆపాలో చెప్పే ఆ లెక్కలో వెయ్యాల్సింది నిజమైన వాట్లు, అంటే ఆర్‌ఎంఎస్ వాట్లు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చేసిన అంకెను నేను నమ్మను. ఆంప్ ఫ్యూజు చూడండి. 30 ఆంపియర్ల ఫ్యూజుంటే, 13.8 వోల్టుల దగ్గర లోపలికి వచ్చేదే 414 వాట్లు. క్లాస్ ఏబీ అనే రకం ఆంప్ అందులో సగం, మహా అయితే 60 శాతం బయటికిస్తుంది. క్లాస్ డీ రకమైతే 80 శాతం దాటవచ్చు. అదే ఆంప్ మీద 2000 వాట్లని రాసుంటే ఆ మిగతా కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? ‘50 వాట్లు × 4’ అని రాసుండే స్టీరియోలదీ ఇదే సంగతి. వాటి లోపలి ఆంప్ నేరుగా బండి వోల్టేజి మీదే నడుస్తుంది కాబట్టి 14.4 వోల్టుల దగ్గర 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఒక్కో చానల్‌లో క్లిప్ కాకుండా 26 వాట్లు దాటి ఇవ్వడం లెక్క ప్రకారమే కుదరదు.

గెయిన్ పెట్టాక బేస్ బూస్ట్ ముట్టుకోకూడదు. 12 డెసిబెల్స్ బూస్ట్ ఇస్తే ఆ బేస్ స్వరాలకు ఆంప్ 16 రెట్లు శక్తి ఇవ్వాల్సి వస్తుంది, పడ్డ శ్రమంతా వృథా. ఇంజన్ రేజ్ చేసినప్పుడల్లా స్పీకర్‌లో ‘కుయ్య్’మనే కూత వస్తుంటే అక్కడా గెయిన్‌ను అనుమానించాలి. అతిగా పెంచితే పాటతోపాటు ఆల్టర్నేటర్ రొద కూడా పెద్దదవుతుంది. అయితే ఎర్త్ వైర్ సరిగ్గా బిగించారా అన్నదీ చూసుకోవాలి.

చెవుల మాట కూడా చెప్పాలి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు, 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. అద్దాలు మూసిన కారులో ఆ 100 దాటడం పెద్ద కష్టం కాదు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదంటున్నాయి.

కొత్త ఆంప్ బిగించుకునేవాళ్లు డబ్బులిచ్చే ముందు మెకానిక్‌ను ఒక్కటి అడగండి. స్పీకర్ వైర్లు తీసి, మీటర్ పెట్టి, ఎన్ని వోల్టుల దగ్గర గెయిన్ ఆపాడో చూపించమనండి. పట్టుమని పది నిమిషాల పని అది.