జన్యువు చిరునామా చెప్పిన పాము

జల్‌పల్లిలోని ఇళ్ల నేమ్‌ప్లేట్లన్నీ ఎవరో ఊడబెరికి ఒకచోట కుప్ప పోశారనుకోండి. మీరు వెతికే మనిషి పేరు ఆ కుప్పలో దొరుకుతుంది. ఆయన ఊళ్లోనే ఉన్నాడని తేలుతుంది. కాని ఏ గల్లీలో? ఏ ఇంట్లో? ఆ సంగతి కుప్ప చెప్పదు.

జీవకణాలను పరీక్షించే శాస్త్రజ్ఞులకు చాలాకాలం ఇదే చిక్కు. కణజాలాన్ని నూరి, అందులోంచి డి.ఎన్‌.ఏ.ను వేరుచేస్తే తాము వెతికే భాగం ఉందో లేదో తెలిసేది. అది ఏ కణంలో, ఏ క్రోమోజోము మీద ఉందో మాత్రం తెలిసేది కాదు. నూరడంతోనే చిరునామా చెరిగిపోయేది.

కణాన్ని చెదరనివ్వకుండా, వెతికే డి.ఎన్‌.ఏ.ను ఉన్నచోటే గుర్తుపట్టే ఉపాయం 1969లో వెలువడింది. దాని పేరు 'ఇన్‌ సిటు హైబ్రిడైజేషన్‌'. 'ఇన్‌ సిటు' అంటే లాటిన్‌ భాషలో 'ఉన్నచోటనే' అని అర్థం. ఈ ఉపాయానికీ, ఒక పాముకూ, మన హైదరాబాదుకూ సంబంధం ఉంది. అదేమిటో చూద్దాం.

గుండీలు, కాజాలు

డి.ఎన్‌.ఏ. రెండు పోగులు పెనవేసుకున్న తాడు వంటిది. పోగుల మీద ఎడినిన్‌, థైమిన్‌, గ్వానిన్‌, సైటోసిన్‌ అనే నాలుగు రకాల క్షారాలు వరసగా ఉంటాయి. వీటిని క్లుప్తంగా ఎ, టి, జి, సి అంటారు. ఏ గుండీకి ఆ కాజా అన్నట్టు, ఎ ఎప్పుడూ టి తోనే, జి ఎప్పుడూ సి తోనే జతకడుతుంది. ఒక పోగు మీద జి-ఎ-టి-ఎ అని ఉంటే, దానికెదురుగా రెండో పోగు మీద ఏముండాలి? కాగితం మీద రాసి చూడండి. సి-టి-ఎ-టి అని వచ్చిందా? సరిగ్గా అదే!

బాగా వేడిచేస్తే గుండీలు ఊడి రెండు పోగులూ విడిపోతాయి. వేడి తగ్గితే ప్రతి పోగూ తన జతను వెతుక్కుని మళ్లీ కలుస్తుంది. మన ఉపాయానికి ఆధారం ఇదే.

పరీక్ష ఎలా చేస్తారు?

ముందుగా కణాలను గాజు పలక మీద పరిచి, వాటి ఆకారం చెడకుండా రసాయనంతో స్థిరపరుస్తారు. తరవాత వేడితోగాని, క్షార ద్రావణంతోగాని కణంలోని డి.ఎన్‌.ఏ. పోగులను విడదీస్తారు. వెతుకుతున్న భాగానికి సరిగ్గా జత కాగల పోగును వేరే సిద్ధం చేసుకుని, దానికొక ఆనవాలు తగిలిస్తారు. దీన్ని 'ప్రోబ్‌' అంటారు. ప్రోబ్‌ ఉన్న ద్రావణాన్ని పలక మీద వేసి, తగిన వెచ్చదనంలో కొన్ని గంటలు ఉంచుతారు. ప్రోబ్‌ తన జతను కలుసుకుని అక్కడే అతుక్కుంటుంది. జత దొరకని పోగులను కడిగేస్తారు.

మొదట్లో ఆనవాలుగా రేడియోధార్మిక హైడ్రోజన్‌ వాడేవారు. పలక మీద ఫోటో ఫిల్ముకు వాడే పూత పూసి, రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి చీకట్లో ఉంచేవారు. కడిగి చూస్తే, ప్రోబ్‌ అతుక్కున్నచోట వెండి రేణువులు నల్లని చుక్కలుగా కనిపించేవి. 1980ల నుంచి మెరిసే రంగులు ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు ఒక్క రోజులోనో, రెండు రోజుల్లోనో ఫలితం తెలుస్తుంది. ఈ రంగుల పద్ధతికి 'ఫిష్‌' అని ముద్దుపేరు. చేపకూ దానికీ సంబంధమేమీ లేదు!

కట్లపాము కథ

అమెరికాలో జోసెఫ్‌ గాల్‌, మేరీ లూ పార్డూ, బ్రిటన్‌లో కెన్‌ జోన్స్‌, ఆయన సహచరులు ఈ పద్ధతిని వేరువేరుగా 1969లో ప్రకటించారు. ఎడింబరోలో ఉన్న జోన్స్‌ దగ్గరకు 1974లో ఒక భారతీయ యువకుడు వెళ్లాడు. ఆయనే లాల్జీ సింగ్‌. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోముల మీద పరిశోధన చేసినవాడు.

మనుషుల్లో ఆడవారికి రెండు ఎక్స్‌ క్రోమోజోములు, మగవారికి ఒక ఎక్స్‌, ఒక వై ఉంటాయి. కట్లపాముల్లో ఇందుకు తలకిందులు. మగపాముకు రెండూ ఒకేరకం, 'జెడ్‌'. ఆడపాముకు ఒక జెడ్‌, ఒక 'డబ్ల్యూ'. పసుపు, నలుపు పట్టీలుండే కట్లపాము నుంచి లాల్జీ సింగ్‌, జోన్స్‌ ఒకరకం డి.ఎన్‌.ఏ.ను వేరుచేశారు. దాన్ని ప్రోబ్‌గా వాడితే చుక్కలన్నీ ఎక్కువగా డబ్ల్యూ మీదే గుమిగూడాయి. ఆ డి.ఎన్‌.ఏ.లో మళ్లీమళ్లీ వచ్చే మాట ఏమిటో తెలుసా? మీరిందాక రాసిన జి-ఎ-టి-ఎ! ఈ పాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'బంగారస్‌'. అది మన తెలుగు 'బంగారు' నుంచి వచ్చిన మాటే.

అదే ప్రోబ్‌తో వారు ఎలుకలను పరీక్షించారు. ఎలుకల్లో ఒక వింత రకం ఉంది. రెండు ఎక్స్‌లు ఉండి ఆడది కావలసిన ఎలుక మగదిగా పెరుగుతుంది. వై లేకుండా మగది ఎలా అయింది? ఆ ఎలుకల్లో ఒక ఎక్స్‌ కొసన చుక్కలు కనిపించాయి. తండ్రి వై నుంచి ఒక ముక్క విడివడి ఎక్స్‌కు అతుక్కుందన్నమాట! 1982లో ఈ సంగతి ప్రకటించారు. నూరి చూస్తే 'కొంత ఉంది' అని మాత్రమే తెలిసేది; 'కొసన ఉంది' అన్న మాటే చిక్కుముడి విప్పింది. అయితే జి-ఎ-టి-ఎ వరసే మగతనాన్ని నిర్ణయించదు. అసలు జన్యువు 1990లో దొరికింది.

1987లో లాల్జీ సింగ్‌ హైదరాబాదు వచ్చి, సి.సి.ఎం.బి.లో చేరారు. మనిషిని మనిషి నుంచి వేరుగా గుర్తించే డి.ఎన్‌.ఏ. వేలిముద్రల పరీక్షకు ఆ పాము ప్రోబే ఇక్కడ ఉపయోగపడింది. తరవాత ఆయన 1998 నుంచి 2009 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. 2017లో మరణించారు.

రోగికి ఏం లాభం?

కొందరి రొమ్ము క్యాన్సరు కణాల్లో 'హెర్‌-2' అనే జన్యువు ప్రతులు విపరీతంగా పెరిగిపోతాయి. అటువంటివారికి ట్రాస్టుజుమాబ్‌ అనే మందు పనిచేస్తుంది. హెర్‌-2 ఎక్కువ లేనివారికి ఇస్తే సాధారణంగా ప్రయోజనం ఉండదు. పైగా ఖర్చు, గుండెకు హాని కలిగే ప్రమాదం. మరి ఎవరికి ఇవ్వాలి? అనుమానం ఉన్నప్పుడు గడ్డలోంచి తీసిన చిన్న ముక్కకు ఫిష్‌ పరీక్ష చేస్తారు. ఆ ముక్కను నూరితే ఆరోగ్యకరమైన కణాలూ, జబ్బు కణాలూ కలిసిపోతాయి. నూరకుండా చూస్తే, ఒక్కొక్క క్యాన్సరు కణంలో మెరిసే చుక్కలను లెక్కపెట్టవచ్చు. ఆ లెక్కను బట్టి వైద్యుడు మందు నిర్ణయిస్తాడు.

ఆ పలక ఎదుట కూర్చుని చుక్కలు లెక్కపెట్టే మనిషి, ఎక్కడో ఒక తల్లి చికిత్సను నిర్ణయించడానికి తోడ్పడుతున్నాడు. నేమ్‌ప్లేట్లను కుప్ప పోయకుండా, గల్లీగల్లీ తిరిగి తలుపు తలుపూ చూస్తున్నాడన్నమాట.