వేడి తగ్గితే హోరు తగ్గుతుంది

కంప్యూటర్ చేసే గణనకు చప్పుడు లేదు. ప్రాసెసర్ లోపల కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు సెకనుకు వందల కోట్ల సార్లు తెరుచుకుని మూసుకుంటున్నా, ఆ పనిలో కదిలే భాగమేదీ లేదు. బల్ల కింది పెట్టె నుంచి గంటల తరబడి వినిపించే హోరు ఆ గణన మిగిల్చిన వేడిని బయటికి మోసుకుపోయే ఏర్పాటుది. ఫ్యాన్లు గాలిని నెట్టడం వల్ల, తిరిగే భాగాల అదురు ఇనుప రేకులకు పాకడం వల్ల అది పుడుతుంది. అందుచేత డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను నిశ్శబ్దం చేయదలచినవారు ముందుగా వేడి లెక్కను సరిచేసుకుని, ఆ తరువాతే ధ్వని సంగతి చూడవలసి ఉంటుంది. ఈ వరుస తారుమారైన చోట ఖర్చు పెరుగుతుందే గాని చప్పుడు తగ్గదు.

వేడి పెరిగిన తీరు

1981లో ఐబీఎం విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌లో విద్యుత్తును అందించే ఎస్‌ఎంపీఎస్ మొత్తం సామర్థ్యం 63.5 వాట్లు మాత్రమే. దానిలోని 8088 ప్రాసెసర్‌కు వేడిని గాలిలోకి వెదజల్లే లోహపు రేకుల దిమ్మ, అనగా హీట్ సింక్, అవసరమే రాలేదు. 1984లో వచ్చిన తొలి మకింటాష్‌లో అసలు ఫ్యానే లేదు. వేడెక్కిన గాలి తేలికై తనంత తానుగా పైకి లేచి, పెట్టె పైభాగంలోని సందుల గుండా పోయేటట్లు దానిని రూపొందించారు. ట్రాన్సిస్టర్ పరిమాణం తగ్గిన కొద్దీ దానికి కావలసిన వోల్టేజీని కూడా తగ్గించవచ్చునని 1974లో రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు చూపించిన సూత్రం సుమారు మూడు దశాబ్దాలు వేడిని అదుపులో ఉంచడానికి తోడ్పడింది. అయితే ట్రాన్సిస్టర్లు మరీ సూక్ష్మమైన తరువాత, మూసి ఉన్నప్పుడు కూడా వాటి గుండా విద్యుత్తు కారిపోవడం మొదలై, వోల్టేజీని ఇంకా దించడం కష్టమైంది. ట్రాన్సిస్టర్ల సంఖ్య మాత్రం పెరుగుతూనే ఉండడంతో, నేడు శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 450 వాట్లకు మించి విద్యుత్తును వాడుకునే స్థితి వచ్చింది.

కంప్యూటర్ తీసుకున్న విద్యుత్తు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఒక లీటరు గాలి ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.2 జౌళ్ల శక్తిని తీసుకుంటుంది కనుక, 300 వాట్ల యంత్రం గుండా పోయే గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు 25 లీటర్ల గాలి లోపలికి వచ్చి బయటికి పోవాలి. అంత గాలిని ఎంత నెమ్మదిగా, ఎంత తక్కువ అడ్డంకితో కదిలించగలమన్నదే ఈ సమస్యకు కీలకం.

డెసిబెల్ లెక్క

ధ్వని అంటే గాలి పీడనంలో కలిగే చిన్న చిన్న హెచ్చుతగ్గులు. చెవి పట్టుకోగల అతి చిన్న హెచ్చుతగ్గుకూ, చెవికి నొప్పి కలిగించేదానికీ మధ్య లక్షల రెట్ల తేడా ఉండడం వల్ల, ఆ తీవ్రతను సంవర్గమానాల మీద ఆధారపడిన డెసిబెల్ కొలతలో చెబుతారు. ఈ కొలతలో కూడికలు మామూలు కూడికల వలె ఉండవు. 30 డెసిబెళ్ల ఫ్యాన్లు రెండు కలిస్తే 60 కాదు, 33 డెసిబెళ్లు మాత్రమే అవుతాయి. 40 డెసిబెళ్ల ఫ్యానుకు 30 డెసిబెళ్ల ఫ్యాను తోడైతే మొత్తం 40.4 దగ్గర ఆగుతుంది. సాధారణంగా 10 డెసిబెళ్లు తగ్గినప్పుడు చప్పుడు సగమైనట్లు మనిషికి తోస్తుంది.

దీని నుంచి ఆచరణకు పనికివచ్చే సూత్రం ఒకటి తేలుతుంది. పెట్టెలో అన్నిటికంటె ఎక్కువ చప్పుడు చేస్తున్న భాగాన్ని అలాగే వదిలి, మిగిలినవాటినన్నిటినీ మార్చినా ఫలితం చెవికి తెలియదు. కాబట్టి ముందుగా ఆ భాగాన్ని గుర్తించాలి. మదర్‌బోర్డు మీద ఉండే మూల సాఫ్ట్‌వేర్ అయిన బయోస్‌లో ఒక్కొక్క ఫ్యాను వేగాన్ని కాసేపు తగ్గించి వినడం గాని, కాగితాన్ని గొట్టంగా చుట్టి ఒక కొన చెవి దగ్గరా రెండో కొన అనుమానం ఉన్న భాగం దగ్గరా ఉంచి వినడం గాని ఇందుకు సరిపోతుంది.

తీవ్రత ఒక్కటే కాక ధ్వని స్వభావం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక సెకనులో కలిగే కంపనాల సంఖ్యను పౌనఃపున్యం అంటారు. దాని కొలమానం హెర్ట్జ్. మనిషి చెవి 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య చాలా చురుకుగానూ, 100 హెర్ట్జ్ దగ్గర మందంగానూ ఉంటుందని ఫ్లెచర్, మన్సన్ 1933లో ప్రకటించిన వక్రరేఖలు స్పష్టం చేశాయి. అందువల్ల కొలతలో సమానమైన రెండు ధ్వనులలో లోతైన హోరును చెవి సహిస్తుంది గాని, సన్నని కూతను సహించదు.

ఫ్యాను రెక్కల పాఠం

ఫ్యాను నుంచి రెండు రకాల ధ్వనులు వస్తాయి. ఒక్కొక్క రెక్క ఒక స్థిరమైన కమ్మీని దాటినప్పుడల్లా గాలికి ఒక చిన్న తోపు తగులుతుంది. నిమిషానికి 1200 సార్లు తిరిగే 7 రెక్కల ఫ్యానులో ఇది సెకనుకు 140 సార్లు జరిగి, 140 హెర్ట్జ్ స్వరంగా వినిపిస్తుంది. అటువంటి మరో ఫ్యాను పక్కనే 1170 వేగంతో తిరుగుతూ ఉంటే దాని స్వరం 136.5 హెర్ట్జ్ అవుతుంది. ఈ రెండూ ఒకసారి కలిసి బలపడుతూ, ఒకసారి ఎదురై క్షీణిస్తూ ఉండడం వల్ల సెకనుకు మూడున్నర సార్లు ఉబ్బి తగ్గే రొద పుడుతుంది. దీనినే భౌతికశాస్త్రంలో విస్పందనాలు అంటారు. రెండు ఫ్యాన్ల వేగాల మధ్య తేడాను బాగా పెంచితే ఈ ఎగుడుదిగుడు మాయమవుతుంది.

రెండవ రకం, రెక్కల అంచుల వద్ద గాలి సుడులు తిరగడం వల్ల పుట్టే హోరు. గాలి ప్రవాహమే ధ్వనిని ఎలా పుట్టిస్తుందో 1952లో జేమ్స్ లైట్‌హిల్ గణితపరంగా వివరించగా, ఆ ప్రవాహంలో ఘన ఉపరితలాలు ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో 1955లో కర్ల్ చూపించాడు. వేగం పెరిగిన దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ధ్వని పెరుగుతుందన్నది ఆ సిద్ధాంతాల సారాంశం. ఫ్యాన్ల విషయంలో ఇంజనీర్లు వాడే అంచనా ప్రకారం ధ్వనిశక్తి భ్రమణ వేగపు అయిదవ ఘాతాన్ని అనుసరిస్తుంది. వేగాన్ని 1500 నుంచి 1000కి దించితే దాదాపు 9 డెసిబెళ్లు, సగానికి దించితే 15 డెసిబెళ్లు తగ్గుతాయి. గాలి మాత్రం వేగంతో సమానమైన పాళ్లలోనే తగ్గుతుంది. కొద్దిగా గాలిని వదులుకుని ఎక్కువ నిశ్శబ్దాన్ని పొందే అవకాశం ఇక్కడే ఉంది.

పెద్ద ఫ్యాను మేలు కావడానికి కూడా ఇదే కారణం. ఒకే ఆకృతి గల ఫ్యాన్లు నెట్టే గాలి వాటి వ్యాసపు ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 80 మిల్లీమీటర్ల ఫ్యాను 2700 వేగంతో అందించే గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను 800 వేగంతోనే అందిస్తుంది. మొదటిదానిలో రెక్క కొస సెకనుకు 11 మీటర్లకు పైగా పరుగెత్తగా, రెండవదానిలో 5 మీటర్ల వద్ద నిలుస్తుంది. అయితే రెక్క కొస నెమ్మదించినప్పుడు గాలిని నెట్టే ఒత్తిడి కూడా తగ్గుతుంది. అందువల్ల పెద్ద ఫ్యాను తన గుణాన్ని చూపాలంటే దాని దారిలో అడ్డంకులు ఉండకూడదు. సన్నని రంధ్రాల రేకును, దుమ్ము పేరుకున్న జల్లెడను, చిక్కుపడిన కేబుళ్లను, గోడకు ఆనించిన క్యాబినెట్ వెనుక భాగాన్ని సరిచేయకుండా ఫ్యాన్లను మార్చడం వృథా. గాలి ముందు నుంచీ కింది నుంచీ ప్రవేశించి, వెనుక నుంచీ పై నుంచీ పోయే తిన్నని దారి ఉన్నప్పుడు తక్కువ వేగమే చాలుతుంది.

అదురు, కూత

గాలి ద్వారా వచ్చే ధ్వనికి తోడు, ఘన పదార్థాల గుండా పాకే అదురు ఒకటి ఉంటుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకు 120 సార్లు కంపిస్తుంది. ఆ చిన్న వస్తువు తనంత తానుగా గాలిని పెద్దగా కదిలించలేకపోయినా, క్యాబినెట్ రేకుకు గట్టిగా బిగించినప్పుడు ఆ రేకు మొత్తం తంబురా కుండ వలె దాని కంపనాన్ని పెద్దది చేస్తుంది. రేకు సహజ పౌనఃపున్యం, అనగా తట్టి వదిలినప్పుడు అది తనకు తాను ఊగే లెక్క, డిస్క్ కంపనంతో కలిసిన చోట అనునాదం ఏర్పడి రొద ఇంకా పెరుగుతుంది. డిస్క్‌ను మెత్తని రబ్బరు ముక్కల మీద నిలిపితే అదురు అక్కడే ఆగుతుంది. కాని ఆ రబ్బరు మీద డిస్క్ ఊగే సహజ పౌనఃపున్యం, ఆపవలసిన కంపనం కంటె బాగా తక్కువగా ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. గట్టి రబ్బరు మేలు చేయకపోగా కొన్నిసార్లు అదురును పెంచుతుంది. హార్డ్ డిస్క్‌కు బదులు తిరిగే భాగమే లేని ఎస్‌ఎస్‌డీని అమర్చుకుంటే ఈ సమస్య మూలంతో సహా తొలగిపోతుంది.

కదిలే భాగాలు లేని చోట కూడా ఒక్కొక్కప్పుడు సన్నని కూత వినిపిస్తుంది. వోల్టేజీని మార్చే వలయాల్లోని తీగచుట్టల గుండా పోయే విద్యుత్తు వేగంగా మారుతున్నప్పుడు, అయస్కాంత బలాల వల్ల ఆ చుట్లు కంపిస్తాయి. వాటి మధ్యనున్న కోర్ కూడా అతి స్వల్పంగా సాగి ముడుచుకుంటుంది. అయస్కాంతీకరణ వల్ల ఇనుము పొడవు మారడాన్ని 1842లోనే జేమ్స్ జౌల్ గమనించాడు. ఆటలలో తెర మీద సెకనుకు మారే చిత్రాల సంఖ్య మితిమీరినప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఈ విధంగా కూయడం సాధారణం. ఆ సంఖ్యకు మానిటర్ చూపగలిగినంత మేరకే పరిమితి పెడితే కూత చాలావరకు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది.

నురుగు పలకల పరిమితి

చప్పుడును పెట్టెలోనే బంధించాలన్న ఆలోచనతో క్యాబినెట్ లోపలి గోడలకు నురుగు పలకలు అంటించడం ఉంది. ధ్వనిని పీల్చే పదార్థం బాగా పనిచేయాలంటే దాని మందం, ఆ ధ్వని తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతుకు చేరువగా ఉండాలి. 4000 హెర్ట్జ్ కూత తరంగదైర్ఘ్యం సుమారు 9 సెంటీమీటర్లు కాబట్టి, రెండు సెంటీమీటర్ల నురుగు దానిని తగ్గించగలదు. 120 హెర్ట్జ్ హోరు తరంగదైర్ఘ్యం దాదాపు 3 మీటర్లు. దానికి ముప్పాతిక మీటరు మందం కావలసి వస్తుంది, అది ఏ క్యాబినెట్‌లోనూ పట్టదు. పైగా గాలి వచ్చిపోయే రంధ్రాల గుండా ధ్వనీ పోతుంది. ఆ రంధ్రాలను మూస్తే లోపల వేడి పెరిగి ఫ్యాన్లు మరింత వేగంగా తిరుగుతాయి. దాచిన చప్పుడు ఇలా తిరిగి వస్తుంది గనుకనే, చప్పుడును పుట్టకుండా చూడడం అన్నిటికంటె మంచి మార్గమవుతుంది.

మూలంలోనే కోత

ప్రాసెసర్ పనిచేసేటప్పుడు పుట్టే వేడి, దానికి అందే వోల్టేజీ వర్గాన్నీ, అది పనిచేసే పౌనఃపున్యాన్నీ అనుసరిస్తుంది. వేగం మార్చకుండా వోల్టేజీని 10 శాతం తగ్గించగలిగితే ఆ వేడి 19 శాతం తగ్గుతుంది. అన్ని చిప్‌లూ సజావుగా నడవాలన్న జాగ్రత్తతో తయారీదారులు వోల్టేజీని కొంత ఎక్కువగానే నిర్ణయిస్తారు కాబట్టి, కొద్దికొద్దిగా దించి, ప్రతిసారీ యంత్రం స్థిరంగా నడుస్తున్నదో లేదో పరీక్షించుకుంటూ పోవడానికి చాలా యంత్రాలలో వీలుంటుంది. గ్రాఫిక్స్ కార్డుకు విద్యుత్ పరిమితి విధించడం ఇంకా సులువు. చివరి కొద్దిపాటి వేగం కోసమే అది ఎక్కువ వాట్లు ఖర్చు చేస్తుంది.

తెలుగు నేల మీద ఈ లెక్కకు వేసవి మరొక అంకెను చేరుస్తుంది. హీట్ సింక్ 75 డిగ్రీల వరకు వేడెక్కవచ్చు అనుకుంటే, గది 25 డిగ్రీలున్నప్పుడు వేడి బయటికి పోవడానికి 50 డిగ్రీల తేడా ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం గది 40 డిగ్రీలైతే ఆ తేడా 35కు పడిపోతుంది. అదే వేడిని అంత తక్కువ తేడాతో పంపాలి కనుక ఫ్యాన్ల వేగం పెరుగుతుంది. హీట్ సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుని, ప్రాసెసర్‌కూ దానికీ నడుమ ఉండే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే ఇబ్బంది రెట్టింపవుతుంది. కాబట్టి ఏటా వేసవికి ముందు దుమ్ము దులపడం అన్నిటికంటె చవకైన శబ్ద నివారణ. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు గిర్రున తిరిగి పాడవకుండా వేలితో పట్టుకోవాలి. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఇంట్లో విప్పకూడదు.

ఫ్యాన్లు వేడికి స్పందించే తీరును కూడా దిద్దుకోవచ్చు. ఒకే స్థాయిలో సాగే హోరును చెవి కాసేపటికి వదిలేస్తుంది గాని, క్షణక్షణం పెరిగి తగ్గేదాన్ని వదలదు. ప్రాసెసర్ ఒక్క క్షణం వేడెక్కగానే ఫ్యాను ఎగసిపడకుండా, బయోస్‌లో కొన్ని సెకన్ల ఆలస్యాన్ని నిర్ణయిస్తే ఈ ఎగుడుదిగుడు పోతుంది.

ఇంత శ్రద్ధ అవసరమా అన్న ప్రశ్నకు బడి గది సమాధానం చెబుతుంది. తరగతి గదిలో పాఠం స్పష్టంగా వినబడాలంటే నేపథ్య ధ్వని 35 డెసిబెళ్లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. ఒకే రకం కంప్యూటర్లు 20 ఉన్న ప్రయోగశాలలో వాటి మొత్తం ధ్వనిశక్తి, ఒక్క యంత్రం కంటె 13 డెసిబెళ్లు ఎక్కువగా ఉంటుంది. ఆ ఇరవై పెట్టెల్లోనూ దుమ్ము దులిపి, ఫ్యాన్ల వేగాన్ని 1500 నుంచి 1000కి దించగలిగితే, కొత్త వస్తువేదీ కొనకుండానే ఫ్యాన్ల హోరులో 9 డెసిబెళ్లు తగ్గుతాయి. ఉపాధ్యాయుడు గొంతు పెంచకుండా చెప్పిన మాట చివరి వరుసలోని పిల్లవానికి చేరడానికి ఆ తేడా ఎంతో తోడ్పడుతుంది.