మగ్గం పక్కన పెరిగితే చాలు, పని వచ్చేసేది

భూదాన్ పోచంపల్లి: ఇక్కడి నేతకారుణ్ణి పని ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగి చూడండి. కాస్త తికమకపడి నవ్వేస్తాడు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. ఇంట్లో మగ్గం ఉంది, దాని పక్కన పెరిగాడు, అంతే.

ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి మగ్గం చప్పుడు వింటాడు. నడక వచ్చాక కండెలతో ఆడుకుంటాడు. అమ్మ పక్కన చేరి రాట్నం తిప్పుతాడు. ఏళ్లు గడిచాక ఒకనాడు తండ్రి భోజనానికి లేస్తే తాను గుంటలోకి దిగి తొక్కుడు కర్రల మీద కాళ్లు పెడతాడు. ఆ లయ కాళ్లకు అప్పటికే తెలుసు.

తేలిక పని అనుకుంటే పొరపాటే. పోచంపల్లి చీరకు రంగు నేసిన తర్వాత వేసేది కాదు. నూలునే ముందుగా లెక్క ప్రకారం అక్కడక్కడ రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. మగ్గం మీదికి వచ్చాక పేక పోగును నూలువాసి అటో ఇటో సర్దుతూ పోవాలి. లేకుంటే బొమ్మ అంచు చెదిరిపోతుంది. ఎంత సర్దాలంటే చెయ్యి చూపిస్తుంది గానీ నోరు చెప్పలేదు.

మాట కూడా ఇలా వచ్చిందే. మూడేళ్ల పిల్ల ‘నాన్న వచ్చాడు, అమ్మ వచ్చింది’ అంటుంది. దానికి వ్యాకరణం ఎవరు చెప్పారు? అమెరికాలో ఆర్థర్ రెబర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1967లో ఈ సంగతే పరీక్షించాడు. ఒక రహస్య నియమంతో కూర్చిన అక్షరాల వరుసలను కొందరి చేత కంఠస్థం చేయించాడు. తర్వాత కొత్త వరుసలు చూపితే, నియమానికి కుదిరేవేవో చాలావరకు గుర్తుపట్టారు. నియమం ఏమిటంటే మాత్రం సరిగా చెప్పలేకపోయారు.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం సంగతి ఈ జిల్లావారికి కొత్త కాదు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు ఆడాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానిన ఆయన ఏళ్ల తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి నేర్పిన ఆ చేతి కదలిక ఆయన పుస్తకంలో చదివింది కాదు, ఇంట్లో చూసింది.

ఇప్పుడు పిల్లలు పొద్దున్నే బడి బస్సెక్కుతున్నారు, పెద్దయ్యాక హైదరాబాద్ పోతున్నారు. నేత మీద వచ్చే రాబడి చూసి కొడుకును మగ్గం దగ్గరికి రానివ్వని తండ్రిని తప్పుపట్టలేం. శిక్షణ తరగతులు పెట్టినా నెలల్లో భాగాల పేర్లు, ముడులు వస్తాయి గానీ పదిహేనేళ్ల చప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు? తరగతి గదిలో కాక నడుస్తున్న మగ్గాల మధ్యే శిక్షణ పెడితే, చెయ్యి తిరిగిన పెద్దల పక్కన ఏడాది పాటు కూర్చోబెట్టి ఆ పెద్దలకూ ఇంత కూలి కట్టిస్తే కొంత మేలు. ఆ పెద్దలు ఇంకా మగ్గం దిగకముందే ఈ పని జరగాలి.