శాంక్షన్: వరమూ అదే, వేటూ అదే

ఇంగ్లిష్‌లో శాంక్షన్ అంటే ఆమోదం, శిక్ష కూడా. ఇంటి లోన్ శాంక్షన్ అయితే సంబరం. అవే శాంక్షన్లు దేశం మీద పడితే వ్యాపారానికి సంకెళ్లు. మూలం లాటిన్ క్రియ సాంకిరే: పవిత్రమైనదిగా, మీరరానిదిగా శాసించడం. శాసనమన్నాక దాన్ని ఖాయపరిచే ఆమోదముద్ర ఉండాలి, ధిక్కరించేవారికి దండనా ఉండాలి. రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడాయి.

ఇథియోపియాపై దండెత్తిన ఇటలీ మీద 1935లో నానాజాతి సమితి ఆంక్షలు పెట్టింది. చమురును మాత్రం వదిలేసింది. అవి పనిచేయకపోవడంలో వింతేముంది! పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత 1998లో భారత్‌కూ అమెరికా ఆంక్షలు తప్పలేదు.

బహువచన నామవాచకమైతే సాధారణంగా శిక్షే. చిక్కంతా క్రియతో: పాత వాడుకలో ఆమోదించడం, కొత్త వాడుకలో శిక్షించడం. ఏదో తేల్చేది సందర్భమే.