వీసా ఖతార్‌ది, ఎడారి సౌదీది

చేతిలో ఒక దేశం వీసా, కాళ్ల కింద మరో దేశం నేల. గల్ఫ్ ఎడారుల నుంచి మయన్మార్ సరిహద్దు దాకా తెలుగు యువకులు చిక్కుకుంటున్న వల ఇది.

కోనసీమ జిల్లాకు చెందిన ఓ యువకుడు ఎడారిలో ఒంటెల మధ్య నుంచి పంపిన వీడియో 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో సంచలనం రేపింది. ఖతార్‌లో వంటపని ఇప్పిస్తానన్నాడు ఏజెంట్. లక్షన్నర పైచిలుకు తీసుకుని విమానం ఎక్కించాడు. తీరా అక్కడికి చేరాక వంటిల్లు లేదు, ఖతార్ కూడా లేదు. సరిహద్దు దాటించి సౌదీ అరేబియా ఎడారిలో ఒంటెలు కాయమన్నారు. ప్రాణం మీదికొచ్చింది, కాపాడండని అతను వేడుకున్న వీడియో చూసి మంత్రి నారా లోకేశ్ స్పందించారు. అధికారులు, ప్రవాసాంధ్రులు కదిలారు. ఆ యువకుడు క్షేమంగా ఇల్లు చేరాడు.

అంతకు నాలుగు నెలల ముందే, అంటే 2024 మార్చిలో, బెన్యామిన్ మలయాళ నవల ఆధారంగా తీసిన 'ఆడుజీవితం' తెలుగులోనూ విడుదలైంది. సౌదీ ఎడారిలో మేకలు కాసే కూలీ కథ అది. థియేటర్లో చూసి నిట్టూర్చినవారికి ఈ వీడియో ఆ సినిమాకు కొనసాగింపులా కనిపించి ఉంటుంది. కానీ ఇందులో సినిమాలో లేని మెలిక ఒకటుంది. ఇతనికి ఇచ్చింది ఒక దేశానికి దారి, చేర్చింది మరో దేశానికి.

ఒంటెలు కాయాలని ముందే చెబితే కోనసీమ నుంచో కడప నుంచో ఎవరూ బయల్దేరరు. అందుకే వంటమనిషి, డ్రైవర్, తోటమాలి వంటి పేర్లు. గల్ఫ్‌లో ఈ కొలువులన్నీ దాదాపుగా ఇంటిపని కోవలోకే వస్తాయి. యజమాని అంటే కంపెనీ కాదు, ఒక కుటుంబం. పాస్‌పోర్టు ఉంచుకోవడం చట్టవిరుద్ధమే అయినా చాలా చోట్ల అది కఫీల్ బీరువాలోనే ఉంటుంది. ఖతార్‌కు భూమార్గాన సరిహద్దు ఉన్న ఏకైక దేశం సౌదీ. 2017 నుంచి మూసి ఉన్న ఆ దారి 2021 జనవరిలో తెరుచుకుంది. కారులో కొద్ది గంటల ప్రయాణం. వెనక సీట్లో కూర్చున్న కూలీకి దేశం మారిన సంగతి బోర్డులు చదవగలిగితేనే తెలుస్తుంది.

అసలు చిక్కు అక్కడి నుంచి మొదలవుతుంది. ఖతార్ ఇంటిపనివారి కోసం 2017లో ప్రత్యేక చట్టం చేసింది. దేశం విడిచి వెళ్లడానికి యజమాని అనుమతి అక్కర్లేదని 2020లో వారికీ వర్తింపజేసింది. ఇవేవీ సరిహద్దు దాటి రావు. అటు సౌదీ దృష్టిలో ఇతను ఉద్యోగే కాదు. అకామా ఉండదు, కాంట్రాక్టు ఉండదు, జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయడానికి తన పేరు ఎక్కిన రికార్డూ ఉండదు. పారిపోతే గల్ఫ్ తెలుగు కూలీల భాషలో 'ఖల్లివెల్లి' అయిపోతాడు. అంటే పత్రాల్లేని మనిషి. అదీ తాను వీసా అడగని దేశంలో. భారత రాయబార కార్యాలయాల పరిస్థితీ అంతే. దోహాలోని అధికారులు సౌదీ పోలీసులతో మాట్లాడలేరు. రియాద్‌లోని వారి దగ్గర అతను వచ్చినట్టు ఏ కాగితమూ ఉండదు.

గల్ఫ్ దేశాలు పరస్పరం తలుపులు తెరుచుకోవడం కొత్తేమీ కాదు. గల్ఫ్‌లో నివాస అనుమతి ఉన్నవారు ఏ వృత్తిలో ఉన్నా ఈ-వీసాపై పర్యటనకు రావచ్చని సౌదీ 2023లో ప్రకటించింది. అయితే అది చూసి పోవడానికే గానీ పని చేయడానికి కాదు. అంతకుముందు 2000ల్లో దుబాయ్‌లో విజిట్ వీసా గడువు ముగిసినవారు ఇరాన్‌కు చెందిన కిష్ ద్వీపానికి వెళ్లి, కొత్త వీసా వచ్చేదాకా రోజులూ వారాలూ గడిపేవారు. అక్కడికి వెళ్లడానికి వీసా అక్కర్లేదు, అదే దాని ఆకర్షణ. డబ్బు అయిపోయి లాడ్జీల్లో ఇరుక్కున్నవారూ ఉన్నారు. అయినా కిష్ వెళ్లినవారికి తాము ఎక్కడున్నామో తెలుసు. ఇప్పటి మోసంలో ఆ మాత్రమూ తెలియదు.

తూర్పు దిక్కున కథ ఇంకా క్రూరం. అక్కడ బలయ్యేది చదువుకున్నవారు, కంప్యూటర్ తెలిసినవారు. థాయ్‌లాండ్‌లో ఐటీ ఉద్యోగం, డాలర్లలో జీతం అని ఫోన్లో ఇంటర్వ్యూ చేస్తారు. బ్యాంకాక్‌లో దిగగానే కారెక్కించి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోని మే సోట్ పట్టణానికి తీసుకెళ్తారు. అక్కడ మోయ్ నది దాటితే మయన్మార్‌లోని మ్యావడీ. చిన్న పడవలో నిమిషాల పని. అవతల కేకే పార్క్ వంటి ప్రహరీల మధ్య రోజంతా కూర్చుని అమెరికా నుంచి అమలాపురం దాకా ఎవరినో ఒకరిని ఆన్‌లైన్‌లో మోసం చేయాలి. కాదంటే కొట్టడం, కరెంట్ షాకులు, విడిచిపెట్టడానికి భారీ సొమ్ము. ఈ ముఠాల గురించి విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే హెచ్చరించింది. అయినా 2025 మార్చిలో రెండు రోజుల్లో 549 మందిని వాయుసేన విమానాల్లో మే సోట్ నుంచి తేవలసి వచ్చింది. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ ఏడాది అక్టోబర్‌లో కేకే పార్క్‌పై మయన్మార్ సైన్యం దాడి చేశాక వందలాది భారతీయులు నది దాటి పారిపోయి వస్తే, నవంబర్‌లో మళ్లీ విమానాలు వెళ్లాయి. డేటా ఎంట్రీ పేరుతో ఉత్తరాంధ్ర యువకులను కంబోడియాకు చేర్చిన ఏజెంట్లను విశాఖపట్నం పోలీసులు 2024 మేలో అరెస్టు చేసిన ఉదంతమూ ఇలాంటిదే.

మ్యాప్ ముందు పెట్టుకుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. అండమాన్ దీవుల్లో 2011 లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లినవారే. దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్ నుంచి గీత గీస్తే మ్యావడీ దూరం విశాఖపట్నం కన్నా దాదాపు 350 కిలోమీటర్లు తక్కువ. పక్కవాడి వాకిలి అంత దగ్గర అన్నమాట. ఇదే దీవుల్లో అడుగుపెట్టాలంటే భారత వీసా ఉన్న విదేశీయుడు సైతం 1963 నాటి ఉత్తర్వు కింద వేరే పర్మిట్ తీసుకోవలసి వచ్చేది. చాలా దీవులకు దాన్ని సడలించింది 2018లోనే. వీసా ఉంటే దేశమంతా తిరగొచ్చని మన ప్రభుత్వమే ఒప్పుకోలేదు. ఏజెంట్లు మాత్రం ఒక వీసాతో రెండు దేశాలు చుట్టేస్తారు!

నది దాటినవారి మీద పడే నేరం కూడా రెండు దేశాలది. థాయ్‌లాండ్ నుంచి అనుమతి లేకుండా వెళ్లినందుకు ఒకటి, మయన్మార్‌లోకి అక్రమంగా ప్రవేశించినందుకు మరొకటి. తనను తుపాకీ నీడలో పడవెక్కించారన్న మాట విచారణలో రుజువు కావాలి. థాయ్‌లాండ్ భారతీయులకు ఇచ్చిన వీసా రహిత ప్రవేశం పర్యటనకు, స్వల్పకాలిక వ్యాపార పనులకే గానీ ఉద్యోగానికి కాదని భారత రాయబార కార్యాలయం గుర్తుచేస్తూ వచ్చింది. ఆ సౌలభ్యమే ఏజెంట్లకు వరమైంది. వీసా ఫీజూ లేదు, అడిగే అధికారీ లేడు.

ఒక దేశం వర్క్ వీసా మరో దేశంలో నిజంగానే పనికొచ్చే తెలుగువారూ ఉన్నారు. పాస్‌పోర్టులో అమెరికా హెచ్-1బి స్టాంపు ఉంటే మెక్సికోలో వేరే వీసా లేకుండా దిగవచ్చు. అమెరికా వీసా ఉన్న భారతీయులకు యూఏఈ 2017 మే నుంచి విమానాశ్రయంలోనే 14 రోజుల వీసా ఇవ్వసాగింది. కెనడా అయితే 2023 జులై 16న హెచ్-1బి ఉన్న 10,000 మందికి మూడేళ్ల దాకా ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తామంటే రెండు రోజులు తిరక్కుండానే కోటా అయిపోయింది. స్టాంపు ఒకటే. మాదాపూర్ ఇంజనీరుకు అది మూడో దేశంలోకి రాచమార్గం. కోనసీమ కుర్రాడికి మూడో దేశంలోకి మాయదారి. తేడా ఏమిటంటే ఇంజనీరు తానే తలుపు తట్టాడు, ఆ దేశం అధికారికంగా తెరిచింది.

భారత చట్టం సంగతి చూస్తే దిగులు పుడుతుంది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి చదవనివారు 18 దేశాల్లో పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అనుమతి ఇచ్చేది కాంట్రాక్టులో రాసిన దేశానికే. విమానం దిగాక అతన్ని ఎక్కడికి తీసుకెళ్లారో చూసే ఏర్పాటు అందులో లేదు. లైసెన్సు లేకుండా మనుషులను పంపిన ఏజెంటుకు ఆ చట్టం రాసిన గరిష్ఠ శిక్ష రెండేళ్ల జైలు, 2,000 రూపాయల జరిమానా. ఒక్క కూలీ నుంచి లక్షన్నర గుంజేవాడికి అది టీ ఖర్చు. ఈ చట్టం స్థానంలో కొత్తది తేవడానికి కేంద్రం 2025 అక్టోబర్‌లో ముసాయిదా విడుదల చేసింది.

ఈలోగా దారి తప్పినవారి కుటుంబాలకు మిగిలింది విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్. ఫిర్యాదు నమోదు చేయాలంటే దేశం పేరు, అక్కడి రాయబార కార్యాలయం ఎంచుకోవాలి. కొడుకు ఖతార్‌లోనే ఉన్నాడనుకునే కుటుంబం దోహా అని నొక్కుతుంది.