ఎదుగగోరు పనివారు

ఇంటిలో గాని, అంగడిలో గాని, కార్యాలయములో గాని మనుష్యులను పనికి కుదుర్చుకొనునపుడు మనము సాధారణముగా అణకువగలవారిని, చెప్పిన పని చేసి యూరకుండువారిని వెదకుచుందుము. ఈ పని నేర్చిన పిమ్మట ఇంతకంటె పెద్దపని చేయవలెనని కోరువారిని జూచి జంకుదుము. మనము నేర్పిన శ్రమ వృథాచేసి వారు వెడలిపోవుదురేమో యని మన భయము. ఈ భయము నిరాధారమని మేము చెప్పము. కాని దానివలన మనము పోగొట్టుకొనునది యెంతయో సోదరీమణులు యోచింపవలెను. ఇందుకొక యుదాహరణము గలదు.

విలియమినా ఫ్లెమింగు అను నామె 1857లో స్కాట్లండు దేశపు డండీ నగరమున జన్మించెను. చిన్ననాడే పాఠశాలలో చదువు చెప్పెను. 1878లో భర్తతో అమెరికాకు బోయి బోస్టను నగరము చేరెను. ఆమె గర్భవతిగా నుండగా భర్త విడిచిపోయెను. అంతట హార్వర్డు ఖగోళ వేధశాలకు అధ్యక్షుడైన ఎడ్వర్డు పికరింగు గారి యింట పనిమనిషిగా కుదిరెను. ఆమె తెలివిని గుర్తించి ఆయన వేధశాలలోని వ్రాతపనులును, లెక్కలును అప్పగించెను. 1881లో ఆమెకు అచ్చటనే స్థిరమైన యుద్యోగము లభించెను.

పికరింగు గారి యింటికి పనిమనిషి లేకపోయెను గాని, శాస్త్రమునకు కలిగిన లాభము గొప్పది. నక్షత్రకాంతిని ముద్రించిన గాజుపలకలను పరీక్షించి ఆమె పదివేలకు పైగా నక్షత్రములను తరగతులుగా విభజించెను. ఆ పట్టిక 1890లో ప్రకటింపబడెను. 1888లో తీసిన యొక పలకపై గుఱ్ఱపుతల యాకారముగల నీహారికను ఆమెయే కనుగొనెను. వెలుగు హెచ్చుతగ్గులగు నక్షత్రములను 300కు మించి కనిపెట్టెను. 1899లో వేధశాలయందలి ఛాయాచిత్రములకు సంరక్షకురాలుగా నియమింపబడెను. హార్వర్డులో అట్టి పదవి నందిన స్త్రీలలో ఆమెయే మొదటిది.

అయినను ఇందులో నొక కొఱత గలదు. ఆమె 1900 సంవత్సరపు దినచర్యలో తన జీతమును గూర్చి వ్రాసికొనెను. ఆమెకు ఏటికి 1,500 డాలర్లు. అచ్చటి పురుషులలో కొందఱకు 2,500 డాలర్లు. అడుగగా, స్త్రీల జీతములలో ఇది మేలైనదే యని సమాధానము వచ్చెను. పురుషులవలెనే తనకును నడుపవలసిన యిల్లు, పోషింపవలసిన కుటుంబము గలవని ఆమె వాపోయెను. పని యెదిగినంతగా జీతము ఎదుగలేదు.

కావున ఉత్సాహవంతులను పనిలో చేర్చుకొనుట యొక్కటియే చాలదు. కుదుర్చుకొనునాడే వారేమి నేర్వగోరుచున్నారో అడుగవలెను. మనయొద్ద అందుకు తావున్నదో లేదో దాపరికము లేక చెప్పవలెను. పెద్దపని అప్పగించిన నాడే జీతమును పెంచవలెను. తావు లేనిచో, వారికి మంచి చోటు దొరకినపుడు మంచిమాట చెప్పి పంపవలెను. మన యింట వంటకు కుదిరిన యామె సాయంకాలము కుట్టుపని నేర్చుకొనుటకు సెలవడిగినచో విసుగుకొనరాదు. ఆమె రేపు మన వంటయిల్లు విడువవచ్చును. కాని ఉన్నన్నాళ్లు ఆమె చేయు పనిలో మనసుండును.